మన మాట ఉందా అని కంప్యూటర్‌ను అడుగుదాం

(శంషాబాద్‌లో ఒక ఆదివారం ఆదివాసీ యువతతో కూర్చున్నప్పుడు చెప్పిన మాటలు)



మీలో చాలామంది రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చారు. ఎయిర్‌పోర్టు కార్గోలో మూటలు మోసి, పార్కింగ్ దగ్గర నిలబడి వచ్చినోళ్లకు పెద్ద ఉపన్యాసం ఇయ్యను. ఒక్క పని చూపిస్తా. పైథాన్ నేర్చుకుంటున్నామని కొందరు అన్నారు కదా, దానితో ఒక నిఘంటువును ప్రశ్నలు అడుగుదాం.

ఆ నిఘంటువు పేరు వర్డ్‌నెట్. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆధ్వర్యంలో 1980లలో మొదలైంది. మామూలు నిఘంటువులో మాటలు అక్షరాల వరుసలో ఉంటాయి. ఇందులో అర్థాల వారీగా ఉంటాయి. ఒకే అర్థం ఉన్న ఇంగ్లిష్ మాటలన్నీ ఒక గుంపు. దాన్నే సిన్‌సెట్ అంటారు. 3.0 వెర్షన్‌లో అట్లాంటివి 1,17,659 ఉన్నాయి. యంత్రాలకు మాటల అర్థం నేర్పేవాళ్లు ఏళ్ల తరబడి దీన్ని వాడుతున్నారు.

అడిగే పద్ధతి తేలిక. ఎన్‌ఎల్‌టీకే అనే ఉచిత పైథాన్ లైబ్రరీని పిప్‌తో పెట్టుకోవాలి. వర్డ్‌నెట్ డేటాను ఒకసారి దించుకుంటే చాలు, తర్వాత నెట్ లేకున్నా నడుస్తది. సిన్‌సెట్స్ అనే ఫంక్షన్‌కు బ్రాకెట్లలో ఒక మాట ఇస్తే దాని అర్థాలన్నీ జాబితాగా వస్తాయి. ఒక్కోదాన్ని డెఫినిషన్ అని అడిగితే వివరణ, లెమ్మా నేమ్స్ అని అడిగితే సాటి మాటలు చెప్తది.

ముందు ఫారెస్ట్ అని అడగండి. మూడు అర్థాలు వస్తాయి. ఒకటి దట్టంగా పెరిగిన చెట్లు, మొక్కలు. రెండోది చెట్లూ పొదలూ కప్పిన నేల. మూడోది అడవి లేని చోట అడవి పెంచడం. రెండో అర్థానికి సాటి మాటలు చూడండి, అందులో టింబర్ ఉంటది. టింబర్ అంటే కలప. 1927 నాటి భారత అటవీ చట్టం కూడా కలప అంటే ఏమిటో నిర్వచించింది గానీ అడవి అంటే ఏమిటో నిర్వచించలేదు. మనకు అడవి అంటే ఇప్పపువ్వు, తునికాకు, దేవుడి గుట్ట, తాతల సమాధులు. అవేవీ ఆ మూడు అర్థాల్లో లేవు.

ఇప్పుడు గోండ్ అని అడగండి. దక్షిణ మధ్య భారతదేశంలో ‘ఒకప్పుడు’ గిరిజనులుగా ఉన్న ప్రజల్లో ఒకరు అని జవాబు వస్తది. ఒకప్పుడట! ఉట్నూరు నుంచి వచ్చి ఈ గదిలో కూర్చున్న తమ్ముడు నవ్వుతున్నాడు. నాకైతే నవ్వు రాలేదు. ఆ వాక్యం రాసినోళ్లకు మన మీద పగ ఉండి రాయలేదు. వాళ్లు రాసేటప్పుడు పక్కన మనం లేము, అంతే. కానీ అదే వాక్యం ఎన్నో ప్రోగ్రాముల్లోకి పోయింది.

ఇక మన భాషలోనే అడుగుదాం. గోండిలో నీళ్లను ఏర్ అంటాం. తెలుగువాళ్లకు ఏరు అంటే వాగు, మనకు ఏర్ అంటే నీళ్లు. వర్డ్‌నెట్ ఇంగ్లిష్‌ది కాబట్టి అందులో దొరకదు. మాట దొరక్కపోతే ఈ ఫంక్షన్ ఎర్రర్ కూడా ఇయ్యదు, ఖాళీ బ్రాకెట్లు చూపిస్తది. మన దేశపు భాషలకు ఐఐటీ బొంబాయి నడిపిన ఇండోవర్డ్‌నెట్ ఉంది. పైథాన్‌లో దానికి పీవైఐడబ్ల్యూఎన్ అనే లైబ్రరీ కూడా ఉంది. తెలుగు ఉంది, బోడో ఉంది. గోండి లేదు, కోయ లేదు, కొలామీ లేదు. బోడో 2003 రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. 2011 జనగణనలో దాదాపు 30 లక్షల మంది మాతృభాషగా చెప్పుకున్న గోండి ఇంకా బయటే ఉంది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే అక్షరాలు కంప్యూటర్‌లోకి వచ్చినై. మాటలను తేవాల్సింది మనమే.

పెద్ద ప్రాజెక్టు కోసం చూడొద్దు. ఒక షీట్ తెరవండి. ఐదు గడులు చాలు: మాట, అర్థం, ఒక వాడుక వాక్యం, ఏ ఊరి మాట, ఎవరు చెప్పారు. దాన్ని సీఎస్‌వీగా దాచి, పైథాన్‌లో డిక్షనరీగా చదివిస్తే మీ అవ్వ మాటను కూడా అడిగి చూడొచ్చు. ఊరూరికీ మాట మారితే రెండూ రాయండి, ఒకటి తప్పని కొట్టేయొద్దు. చెప్పినవాళ్లను అడిగే రాయండి. మందు చెట్ల పేర్లు, దేవుళ్ల మాటలు పెద్దలు వద్దంటే నెట్‌లో పెట్టొద్దు. మందు మొక్క పేరు బయటికి పోతే దాని వెనకే వ్యాపారి వస్తడు.

ఇంకొక పని. వర్డ్‌నెట్‌ను ఇప్పుడు ఓపెన్ ఇంగ్లిష్ వర్డ్‌నెట్ పేరుతో గిట్‌హబ్‌లో కొనసాగిస్తున్నారు. తప్పు కనిపిస్తే ఎవరైనా రాసి చెప్పొచ్చు. గోండ్ అన్నచోట ‘ఒకప్పుడు’ ఇంకా ఉందో లేదో చూడండి. ఉంటే తీసేయమని రాయండి, ఎందుకో కూడా రాయండి.

ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు ఇరవై మాటలు పట్టుకు రండి. వచ్చే సమావేశంలో అందరి షీట్లూ కలిపి ఇక్కడే అడిగి చూద్దాం. ఏర్ అని కొడితే ఖాళీ బ్రాకెట్లు రావొద్దు.

జోహార్.