సెలికా మళ్లీ వస్తోందట.. ఇంజిన్ చిన్నదైతే కోపమెందుకు?

ఈరోజు ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది టయోటా సెలికా గురించి. 1970లో మొదలై, 2006లో ఆగిపోయిన రెండు డోర్ల స్పోర్టీ కూపే ఇది. దీన్ని మళ్లీ తయారు చేస్తున్నామని 2024 చివర్లో టయోటా పెద్దలే చెప్పారు. అప్పటి నుంచి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటున్నారు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, ఇంజిన్ దగ్గర. 2024 మేలో టయోటా కొత్త తరం నాలుగు సిలిండర్ల ఇంజిన్లు చూపించింది. అందులో 1.5 లీటర్, 2.0 లీటర్ టర్బో ఉన్నాయి. 2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో ఆ 2.0 టర్బోని ఒక యారిస్ కాన్సెప్ట్ కారు మధ్యలో పెట్టి తెచ్చింది. ఇంకేముంది, సెలికాలో కూడా ఇదే వస్తుందని అభిమానులు లెక్కలేసుకున్నారు. ఒక జట్టు "సూపర్" అంది. ఇంకో జట్టు "స్పోర్ట్స్ కారుకి నాలుగు సిలిండర్లా, ఆరు ఉండాల్సిందే" అంది.

ముందు ఒక చిన్న విషయం గుర్తు చేస్తాను. సెలికాకి పేరొచ్చిందే 2.0 లీటర్ టర్బోతో. కార్లోస్ సైన్జ్ 1990, 1992లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయింది సెలికా జీటీ-ఫోర్‌లోనే. ఆఖరి తరం సెలికాలో అయితే ఉన్నది 1.8 లీటర్ ఇంజినే. అంటే ఈ కారు ఎప్పుడూ పెద్ద ఇంజిన్ మీద బతకలేదు.

మరి అభిమానులకి కోపం ఊరికే వస్తోందా? లేదండీ. వాళ్లు ఒకసారి దెబ్బతిన్నారు. అదేంటో చూద్దాం.

2016లో పోర్షే తన కేమన్ కూపేకి 718 అని పేరు ముందు తగిలించి, ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టింది. ఎస్ మోడల్ సంగతి చూడండి. పాతది 3.4 లీటర్, 325 పీఎస్. కొత్తది 2.5 లీటర్, 350 పీఎస్. టార్క్ 370 నుంచి 420 న్యూటన్ మీటర్లకి పెరిగింది. కాగితం మీద అన్నీ పెరిగాయి. కానీ నడిపినవాళ్లు మొహం చిట్లించారు. ఎందుకంటే సౌండ్ పోయింది. పాత ఇంజిన్ రెవ్ చేసేకొద్దీ కూత పెట్టేది. కొత్తది గరగరలాడింది.

టర్బో ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఇంజిన్ నుంచి బయటికొచ్చే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెడుతుంది. అందుకే చిన్న ఇంజిన్ పెద్ద పవర్ ఇస్తుంది. కానీ పొగ ఆ చక్రాన్ని తిప్పుకుంటూ బయటికొస్తుంది కాబట్టి సౌండ్ కొంత అక్కడే అణిగిపోతుంది. పైగా మనం కాలు నొక్కాక ఆ చక్రం స్పీడందుకోవడానికి ఒక క్షణం పడుతుంది. అదే టర్బో ల్యాగ్.

ఆఖరికి ఏమైందో తెలుసా? 2020లో పోర్షే 4.0 లీటర్, ఆరు సిలిండర్లు, టర్బో లేని ఇంజిన్‌తో 718 జీటీఎస్ తెచ్చింది. 400 పీఎస్. అభిమానులు కోరుకున్న కూత మళ్లీ వచ్చింది.

మరి కంపెనీలు అసలు ఇంజిన్లు ఎందుకు తగ్గిస్తున్నాయి? యూరప్ రూల్స్ పెద్ద కారణం. ఒక కంపెనీ అమ్మే కొత్త కార్లన్నీ కలిపి, సగటున కిలోమీటరుకి 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదని 2021 నాటికి లక్ష్యం పెట్టారు. దాటితే ఒక్కో గ్రాముకి, అమ్మిన ఒక్కో కారుకి 95 యూరోల ఫైన్. లక్షల కార్లు అమ్మే కంపెనీకి అదెంత అవుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. చిన్న ఇంజిన్ మంచిదా, చెడ్డదా అని వాదించుకునే ముందు ఒక్క ప్రశ్న అడగాలి. ఇంజిన్ చిన్నదయ్యాక కారు బరువు తగ్గిందా, పెరిగిందా?

రెండు కార్లు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది మెర్సిడెస్ ఏఎంజీ సీ63. ఇది కూపే కాదు, సెడాన్. కానీ గొడవ అదే. పాతదాంట్లో 4.0 లీటర్ వీ8. 2022లో వచ్చిన కొత్తదాంట్లో 2.0 లీటర్ నాలుగు సిలిండర్ల టర్బో, దానికి తోడు బ్యాటరీ, వెనక ఎలక్ట్రిక్ మోటార్. మొత్తం 680 పీఎస్. రాక్షసి కదా? కానీ బరువు 2,100 కిలోలు దాటింది. పాతదానికంటే 300 కిలోలకి పైనే ఎక్కువ. నలుగురిని కారులో ఎక్కించుకుని రేసుకి వెళ్లినట్టు.

రెండోది ఫ్రాన్స్ కూపే ఆల్పీన్ ఏ110, 2017లో వచ్చింది. 1.8 లీటర్, నాలుగు సిలిండర్లు, మొదట్లో 252 పీఎస్ మాత్రమే. కానీ బాడీ, ఛాసీ అల్యూమినియం. బరువు 1,100 కిలోల దగ్గర. సున్నా నుంచి 100కి నాలుగున్నర సెకన్లు. దీన్ని నడిపినవాళ్లెవరూ "అయ్యో, నాలుగు సిలిండర్లేనా" అని ఏడవలేదు. మలుపుల్లో మజా ఉంది, బ్రేకుల మీద భారం లేదు, టైర్లు సన్నవి సరిపోయాయి.

తేడా అర్థమైంది కదా? ఒకచోట చిన్న ఇంజిన్ మీద బ్యాటరీ బరువు ఎక్కించారు. ఇంకోచోట కారంతా తేలిక చేశారు కాబట్టి చిన్న ఇంజినే చాలింది.

టయోటాకి ఈ రెండో దారి తెలుసు. జీఆర్ యారిస్ చూడండి. 1.6 లీటర్, మూడే సిలిండర్లు. జపాన్‌లో 272 పీఎస్‌తో మొదలై 304కి వెళ్లింది. బరువు 1,300 కిలోల లోపే. మూడు సిలిండర్లని వెక్కిరించినవాళ్లే తర్వాత దానికి ఫ్యాన్స్ అయ్యారు. కాబట్టి సెలికా వచ్చినప్పుడు హార్స్ పవర్ నంబర్ కంటే ముందు బరువు నంబర్ చూడండి. అది 1,300 దగ్గరుంటే పండగే. 1,700 అయితే మాత్రం తిట్టేవాళ్ల జట్టులో నన్నూ కలుపుకోండి.

"అన్నా, ఇవన్నీ మనం కొనేవా?" అంటారు, నాకు తెలుసు. కానీ ఈ లెక్క మన బండికీ పనికొస్తుంది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. అందుకే మన షోరూముల నిండా 1.0 టర్బోలు, మూడు సిలిండర్ల 1.2లు. ఇక్కడ ఇంజిన్ సైజుని ఇంజినీర్ కంటే ముందు పన్ను డిసైడ్ చేస్తుంది.

కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ఖాళీ హైవే మీద కాలు అదిమి మురిసిపోకండి. నలుగురిని ఎక్కించుకోండి, ఏసీ వేయండి. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేర్‌లో ఎంత త్వరగా లాగుతుందో చూడండి. ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి. ల్యాగ్ ఉంటే అక్కడే బయటపడుతుంది. బ్రోచర్‌లో కెర్బ్ వెయిట్ అని ఒక లైన్ ఉంటుంది, ఎవరూ చదవరు. మీరు చదవండి. పవర్‌ని బరువుతో భాగించి, రెండు కార్లు పోల్చుకోండి.

సీసీ చూసి కారుని కొలవడం మానేద్దాం. దాన్ని మోసే బరువు చూసి కొలుద్దాం. మరి మీరు ఏ జట్టు, సౌండ్ జట్టా, బరువు జట్టా? కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సీట్ బెల్ట్ పెట్టుకోండి, ఉంటాను.