తల్లి కంచము – బిడ్డ వెన్ను
(గొల్ల, కురుమ మహాసభయందు చేసిన యుపన్యాసము)



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి విచ్చేసిన మీ యెదుట మన కులముయొక్క పూర్వవైభవమును గూర్చి ప్రసంగింపగలవారు పలువురు గలరు. నేను మాత్రము మన యిండ్లలో అందఱకంటె కడపట భుజించు కోడలి కంచమును గూర్చి రెండు మాటలు మనవి చేయనెంచితిని. రాబోవు తరముల ఆరోగ్యమునకు ఆ కంచమే పునాది యని నా విశ్వాసము.

మన కులవృత్తితోడనే ప్రారంభింతును. మేత సమృద్ధిగ నున్నను గొఱ్ఱెలు చిక్కి శల్యమై నశించుట ఆస్ట్రేలియా ఖండమున కొన్ని ప్రాంతముల కాపరులకు చిరకాలము అంతుపట్టని విషయముగ నుండెను. అచ్చటి నేలలో కోబాల్టు అను లోహము కొఱవడుటయే దీనికి హేతువని 1935లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. గొఱ్ఱె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆ లోహముతో బి12 అను విటమినును తయారుచేయును. 1948లో ఆ విటమిను శుద్ధరూపమున లభించి, అందు కోబాల్టు గలదని తెలిసిన పిదపగాని యీ మర్మము తేటపడలేదు. మనుష్యునకు ఈ విటమిను పాలు, పెరుగు, మాంసము, చేపలు, గ్రుడ్లు మొదలగువానివలననే లభించును. ఆకుకూరలయందును ధాన్యములయందును దొరకదు.

దీనికి తోడైన రెండవ విటమిను ఆకుకూరలయందున్నది. బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ఈస్టుసారముచే ఆ వ్యాధి నయమగుటను 1931లో ప్రకటించెను. 1941లో పాలకూరనుండి సంగ్రహించిన పదార్థమునకు, లాటిను భాషలో ఆకు అను నర్థముగల పదమును బట్టి, ఫోలికామ్లమను పేరు వచ్చెను. భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగుబిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను గ్రహణివ్యాధివలన సోదరులను కోల్పోయిరి; తామును దానిచే పీడితులైరి. వారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నాయకత్వము వహించుచుండగా, వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేసెను. ఆ యామ్లమునకు విరోధియైన అమినాప్టెరినును గూడ ఆ బృందమే సమకూర్పగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తపు కేన్సరుగల పిల్లలకు వాడి, తాత్కాలికోపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు పరమపదించిరి.

ఈ రెండు విటమినులు కలిసి చేయు పని యెట్టిది? ఫోలికామ్లము కావడివంటిది. అది ఒక్క కర్బన పరమాణువును మాత్రమే మోయును. ఒకచోట ఆ బరువును క్రొత్తకణములకు వలయు డి.ఎన్.ఏ. నిర్మాణమునకు దింపును, మఱియొకచోట బి12 చేతికందించును. బి12 దానిని హోమోసిస్టీనునకు జేర్ప, అది మెథియొనీనగును. మెథియొనీనునుండి పుట్టిన మఱియొక పదార్థము దేహమందంతట మిథైలు అను ముద్రలను వేయును. ఏ కణమున ఏ జన్యువు పలుకవలెనో, ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించుటలో ఈ ముద్రలకు పాత్ర గలదు. దీనినే మిథైలేషను అందురు.

కావడి నిలిచిన యెడల రక్తకణములు పక్వముగాక పెద్దవై, సంఖ్యలో తగ్గి, మనిషి పాలిపోవును. రక్తమున హోమోసిస్టీను పెరుగును. బి12 లోపించినచో అరికాళ్లు తిమ్మిరెక్కును, నడక తడబడును, జ్ఞాపకశక్తియు సన్నగిల్లవచ్చును. ఒక హెచ్చరిక: బి12 లోపమున్నవారికి ఫోలికామ్లమును మాత్రమే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కన్పించినను, నరములకు హాని లోలోపల సాగుచునే యుండును. కావున పరీక్ష చేయింపక స్వంతవైద్యము కూడదు.

ఇక ముఖ్యవిషయము. గర్భస్థశిశువునకు మెదడుగను వెన్నుపాముగను మారు నాళము గర్భధారణమైన 28 దినములలోపలనే మూసికొనును. అప్పటికి తాను గర్భవతినని తల్లి యనేకపర్యాయము లెఱుగదు. ఆ మూత సరిగా పడనిచో బిడ్డ వెన్ను తెరచుకొనియే పుట్టును. పూర్వము అట్టి బిడ్డను కన్న స్త్రీలకు గర్భధారణమునకు ముందునుండియే నిత్యము 4 మిల్లీగ్రాముల ఫోలికామ్లము ఇచ్చి చూడగా, ఆ దోషము మరల గలుగుట 72 శాతము తగ్గినదని 1991లో ఇంగ్లండు వైద్య పరిశోధనామండలి ప్రకటించెను.

మనమో? అట్టి శిశువు పుట్టినప్పుడు గ్రహణము చూచినదనియు, శాపము తగిలినదనియు ఆ తల్లినే నిందింతుము. వంశమున వచ్చు లక్షణములు, మధుమేహము, మూర్ఛవ్యాధికి వాడు కొన్ని మందులును ఇందుకు కారణము లగుచున్నవి. తల్లి యందు దోషము లేదు. ఆమెకు తెలుపని మనయందు దోషము గలదు. కేంద్రమునకు క్యాను నిండ పాలు పోసి వచ్చిన యింటిలోనే, పాలిచ్చు బఱ్ఱెను మేపిన కోడలికి నీళ్లమజ్జిగ మిగులుట మనకు గౌరవమా?

కావున నా మనవి: పెండ్లియైన ఆడుబిడ్డ గర్భము గోరునప్పుడే వైద్యుని సలహాపై నిత్యము 400 మైక్రోగ్రాముల ఫోలికామ్లపు మాత్ర పుచ్చుకొనవలెను. పూర్వము అట్టి బిడ్డను కన్నవారికి వైద్యుడు ఎక్కువ మోతాదు నిర్ణయించును. తోటకూర, గోంగూర, పెసలు, శనగలు దినము విడిచి దినమైనను వండుకొనవలెను. ఉడికిన నీటిని పారబోయరాదు, అతిగా ఉడికింపరాదు. అమ్మకమునకు ముందే ఇంటి స్త్రీల వంతు పాలు, పెరుగు తీసి యుంచవలెను.

జనగామ జిల్లా మాణిక్యాపురమువారైన చుక్క సత్తయ్యగారు ఒగ్గుకథకు దేశమంతట కీర్తి దెచ్చిరి. ఆ కళను చేపట్టిన నేటి యువకులు మల్లన్న కథ చెప్పు రాత్రులందు ఈ మాట యొక్కటి జేర్చినయెడల, కరపత్రము చేరని గుడిసెకును అది చేరును. మంద యందు చూలుగొఱ్ఱెను వేఱుచేసి మేపు నేర్పు మనకు తాతలనాటినుండి గలదు. ఆ శ్రద్ధను ఇంటి గడపలోనికి గూడ దెచ్చుకొందము.