మిద్దె ఎక్కితే గాని అందని హక్కులు

(కడప జిల్లాలోని ఒక పట్టణంలో, మొబైల్ సేవల ఇబ్బందులను చర్చించడానికి మొహల్లా వాసులు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, టెలిఫోన్ రంగంలో సాంకేతిక ఉద్యోగిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్ద చేసిన ప్రసంగ పాఠం)



వక్ఫ్ గురించో, రిజర్వేషన్ల గురించో, విద్య గురించో మాట్లాడుకోవలసిన చోట సెల్‌ఫోన్ సిగ్నల్ గురించి ఉపన్యాసమేమిటని కొందరు నన్ను అడిగారు. ఆ మూడు విషయాల గురించే మాట్లాడబోతున్నానని వారికి మనవి చేశాను. ఎందుకో మీరే విని నిర్ణయించండి.

మూడు నెలల క్రితం మనలో చాలామంది ఫోన్లకు ఒక సందేశం వచ్చింది. మీ ప్రాంతంలో నెట్‌వర్క్ ఆధునికీకరణ పనులు జరుగుతున్నాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని దాని సారాంశం. పనులు ఎప్పటికి పూర్తవుతాయో అందులో లేదు. ఈలోగా ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలో లేదు. ఆ సంస్థ పేరు నేను ఇక్కడ ఎత్తడం లేదు. ఒక సంస్థను తిట్టిపోయడానికి మనం కూడలేదు. మన మొహల్లాలో ఏమి జరిగిందో మాత్రం ఒకసారి గుర్తు చేసుకుందాం.

మా వీధిలో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారుడు కువైట్‌లో డ్రైవరు. శుక్రవారం అతనికి సెలవు. జుమా తరువాత ఫోన్ చేస్తాడు. ఆమె చేతిలో ఉన్నది పాత కీప్యాడ్ ఫోన్. ఆరు శుక్రవారాల పాటు ఆ ఫోన్ మోగలేదు. అక్కడ కొడుకు అమ్మకేమైందోనని, ఇక్కడ అమ్మ కొడుకుకేమైందోనని కుమిలిపోయారు. ఇంటర్మీడియట్ పూర్తయిన ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపింది. ఓటీపీ వచ్చేసరికి దాని గడువు దాటింది. ఇలా నాలుగు రోజులు గడిచాయి. చివరికి తండ్రి ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని ఊరి బయట గుట్ట దగ్గరకు తీసుకుపోయాడు. చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసే యంత్రం కూడా సిమ్ కార్డుతోనే నడుస్తుంది. అది తిరగక, కూలి మానుకుని వచ్చినవారు ఉత్త సంచులతో వెనుదిరిగారు.

ఇక మన మసీదు ముతవల్లీ సాహెబు సంగతి మీ అందరికీ తెలుసు. 2025 జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలలలో అందులో నమోదు చేయాలన్నది. గడువు పెంచాలని వేసిన దరఖాస్తులను అదే డిసెంబరు 1న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఇబ్బంది ఉన్నవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునన్నది. తాతల కాలం నాటి దస్తావేజులను చేతబట్టుకుని, డెబ్బై ఏళ్ల వయసులో ఆయన రాత్రి పదకొండు గంటలకు మిద్దె ఎక్కి నిలబడేవారు. ఆ వేళకు సిగ్నల్ కొంచెం మెరుగ్గా ఉండేది. ఓటీపీ రాగానే కింద కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడికి అంకెలు అరిచి చెప్పేవారు. ఖబరస్తాన్ భూమి రికార్డులకెక్కడం ఒక ముసలాయన మోకాళ్ల మీద ఆధారపడిన రోజులు అవి.

ఇప్పుడు చెప్పండి, ఇది ఫోన్ సంగతా, హక్కుల సంగతా?

ఆధునికీకరణ జరిగేటప్పుడు సేవలు ఎందుకు కుంటుపడతాయో నాకు తెలిసినంతలో చెబుతాను. కారణం తెలియని కోపం తిట్టుగా మిగిలిపోతుంది. తెలిస్తే సరైన ప్రశ్న అడగగలుగుతాము.

ప్రతి సంస్థకూ ప్రభుత్వం నుంచి కొనుక్కున్న తరంగాల వాటా, అంటే స్పెక్ట్రమ్, ఒక పరిమితిలోనే ఉంటుంది. ఒక మడి నీటిని కొత్త మడికి మళ్లించినట్లు, 2జీ, 3జీలకు వాడుతున్న తరంగాలలో కొంత తీసి 4జీకి ఇస్తారు. పాత ఫోన్ల వారందరూ మిగిలిన ఇరుకు దారిలో తోసుకోవలసి వస్తుంది. రెండవ సంగతి: టవర్ మీద కొత్త యంత్రం బిగించినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ టవర్ నుంచి వెనుకకు పోయే ఫైబరో, మైక్రోవేవ్ లంకెనో అంత బరువు మోయగలగాలి. అది చాలకపోతే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనబడతాయి, ఇంటర్నెట్ మాత్రం కదలదు. మూడవ సంగతి: 4జీ మీద మాట వినబడాలంటే ఫోన్‌లో వోల్ట్ సదుపాయం ఉండాలి. లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ పాత నెట్‌వర్క్‌కు దిగిపోవాలి. అక్కడ పాత నెట్‌వర్క్‌ను తగ్గించి ఉంటే కాల్ అందదు. పాత సిమ్ మార్చుకోకపోయినా కొత్త సేవ అందదు.

వీటిలో ఏ ఒక్కటీ కుట్ర కాదు. కానీ ఒక విషయం గమనించండి. ఈ మార్పులో ముందుగా మూగబోయేది ఎవరి ఫోన్? ఇంట్లో కొత్త ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది, పాతది తల్లి చేతిలో. ఊరిలో కొత్త ఫోన్ దుకాణదారు దగ్గర ఉంటుంది, పాతది బీడీలు చుట్టే ఆమె దగ్గర. ఆధునికీకరణ లాభం అందరికీ ఆలస్యంగానైనా అందుతుంది. దాని భారం మాత్రం ముందుగా పేదవారి మీద, స్త్రీల మీద, వృద్ధుల మీద పడుతుంది. పదవిలో ఉన్నంతకాలం ఈ మాట పై అధికారులకు గట్టిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

మన యువకులలో కొందరు, మనది ముస్లిం మొహల్లా గనుకనే టవర్ పనిని సాగదీస్తున్నారని అంటున్నారు. ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. ఒక ప్రాంతంలో ముస్లింల వాటా పెరిగేకొద్దీ పక్కా రోడ్లు, బస్సు స్టాపులు, వైద్య, తపాలా సౌకర్యాలు తగ్గుతున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక ప్రభుత్వానికే చెప్పింది. నాటి తపాలా కార్యాలయం ఎలాంటిదో నేటి టవర్ అలాంటిది. అయినా మన విషయంలో వివక్ష జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఈ రోజు ఆధారం లేదు. పక్కనున్న బోయపేటలోనూ, రైల్వే గేటు అవతలి కాలనీలోనూ ఇదే ఇబ్బంది ఉన్నదని నేను స్వయంగా వెళ్లి తెలుసుకున్నాను. ఆధారం లేకుండా ఆరోపిస్తే, నిజంగా వివక్ష జరిగిన రోజున మన మాట ఎవరూ వినరు. ఆధారం సేకరిద్దాం. పక్క వాడల వారిని కలుపుకుందాం. అందరి ఇబ్బందిగా తేలితే అందరమూ అడుగుదాం. మనకొక్కరికే ఎక్కువని తేలితే ఆ లెక్కను కూడా బల్ల మీద పెడదాం.

అడగడానికి మనకు అధికారం ఉన్నదా అంటే, ఉన్నది. కేరళలోని ఒక కళాశాల హాస్టల్‌లో సాయంత్రం వేళ ఫోన్లు అప్పగించాలన్న నిబంధనను ఫహీమా షిరీన్ అనే ముస్లిం విద్యార్థిని ఎదిరించింది. హాస్టల్ నుంచి వెళ్లగొడితే హైకోర్టుకు వెళ్లింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులోనూ, గోప్యతా హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో ఆ కోర్టు తీర్పు చెప్పింది. కాశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఫోన్లు, ఇంటర్నెట్ మూగబోయాయి. ఇంటర్నెట్‌ను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని 2020 జనవరి 10న అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అయినా అక్కడ 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. అక్కడిది ప్రభుత్వ ఆజ్ఞ, ఇక్కడిది ఒక సంస్థ పనితీరు. రెండింటినీ ఒకే గాటన కట్టను. నెట్‌వర్క్ వేగం తగ్గితే చదువు, వైద్యం, వ్యాపారం ఎలా కుంగుతాయో మాత్రం అక్కడి ప్రజల అనుభవం మనకు చూపింది. ఇక 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడిలో ముఖం దెబ్బతిని కనురెప్పలు ఆర్పలేక కేవైసీ పూర్తి చేయలేకపోయిన బాధితుల కేసులో, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో, అంటే జీవించే హక్కులో, అంతర్భాగమని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నిరాశ మాత్రమే పంచిపోవడానికి నేను రాలేదు. ఆశకు కారణాలున్నాయి. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో, స్వదేశీ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీ వ్యవస్థను ప్రభుత్వ రంగ సంస్థ అయిన బీఎస్ఎన్ఎల్ లాంఛనంగా ప్రారంభించింది. ఆ రోజు జాతికి అంకితమైన టవర్లు 97,500కు పైనే. 2024 జులైలో ప్రైవేటు సంస్థలు మూడూ ధరలు పెంచినప్పుడు, తక్కువ ధరకు సేవ ఇచ్చే మరొక సంస్థ ఉండాలని కోరుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. కొత్త నెట్‌వర్క్ నిలదొక్కుకున్న చోట మాట స్పష్టంగా వినబడుతున్నది, పిల్లల పాఠాలు ఆగకుండా నడుస్తున్నాయి. ఆధునికీకరణ వద్దని మనం అనడం లేదు. అది మన వీధి చివరిదాకా రావాలంటున్నాము.

మరి ఏమి చేయాలి? సబ్ర్ అంటే నోరు మూసుకుని కూర్చోవడం కాదని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. దుకాణం దగ్గర నిలబడి తిట్టుకున్న మాట గాలిలో కలిసిపోతుంది. నమోదైన ఫిర్యాదు నిలుస్తుంది. 198కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి, వారిచ్చే డాకెట్ నంబరును కాగితం మీద రాసుకోండి. పరిష్కారం తృప్తిగా లేకపోతే 30 రోజుల లోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు. ఆయన 39 రోజులలో తేల్చాలి. అక్కడా న్యాయం దొరకకపోతే వినియోగదారుల కమిషన్ ఉన్నది. టెలికాం సంస్థల మీద అక్కడికి వెళ్లే హక్కు వినియోగదారునికి ఉన్నదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపుంటే అక్కడ ఫీజు కూడా లేదు. సలహా కోసం 1915కు ఫోన్ చేయవచ్చు.

ఇంటర్నెట్ అవసరం లేని వృద్ధుల కోసం కాల్స్‌కూ, సందేశాలకూ మాత్రమే పరిమితమైన రీచార్జ్‌లు ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. దుకాణంలో వాటిని అడిగి తీసుకోండి. తమ సేవ ఎక్కడెక్కడ అందుతున్నదో ప్రతి సంస్థా వెబ్‌సైటులో మ్యాపు పెట్టాలన్నది కూడా ట్రాయ్ నిబంధనే. ఆ మ్యాపులో మన వీధికి సిగ్నల్ ఉన్నట్లు చూపి, వీధిలో లేకపోతే, మన చేతిలో ఉన్న మొదటి ఆధారం అదే. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో మన యువకులు వారం రోజులు, పూటకొకసారి, వీధివీధినా కొలిచి రాస్తే రెండవ ఆధారం సిద్ధమవుతుంది.

నిబంధనలలో లోపం కూడా ఉన్నది. సేవ 24 గంటలకు మించి నిలిచిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగింపు ఇవ్వాలని కొత్త నిబంధనలు అంటున్నాయి. అయితే ఆ లెక్క జిల్లా స్థాయిలో తీస్తారు. జిల్లా అంతటా ఫోన్లు మోగుతూ మన మొహల్లా ఒక్కటి మూడు వారాలు మూగబోతే, కాగితం మీద ఏమీ జరగనట్లే. ఈ లెక్కను వార్డు దాకా, గ్రామం దాకా దించాలని మనం ట్రాయ్‌కి రాయాలి. కంపెనీల ఆదాయంలో 5 శాతం చేరే డిజిటల్ భారత్ నిధి ఉన్నది. సేవలు సరిగా అందని ప్రాంతాల కోసం పెట్టిన నిధి అది. మన రీచార్జ్ డబ్బు కూడా అందులో ఉన్నదని మన పార్లమెంటు సభ్యులకు గుర్తు చేయాలి.

సంస్థలను మనం కోరేవి మూడే. పనులు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ తెలుగులోనూ, ఉర్దూలోనూ ముందే ప్రకటించండి. కొత్తది నిలబడేదాకా పాతదాన్ని తీయకండి. సిమ్ మార్పిడికి మా మొహల్లాలో ఒక రోజు శిబిరం పెట్టండి, ఆ శిబిరంలో ఒక మహిళా ఉద్యోగి ఉండాలి.

వచ్చే శుక్రవారం జుమా తరువాత ఇక్కడే ఒక బల్ల వేస్తాము. మీ డాకెట్ నంబర్లు తీసుకురండి. లేనివారికి మన పిల్లలు అక్కడికక్కడే ఫిర్యాదు చేయించి పెడతారు. బోయపేట నుంచీ, రైల్వే కాలనీ నుంచీ కూడా పెద్దలు వస్తామన్నారు. ముతవల్లీ సాహెబు గారికి నాదొక విన్నపం. మొదటి ఫిర్యాదు మీ పేరు మీద ఉండాలి. మీరు మిద్దె మెట్లు ఎక్కిన రాత్రులన్నీ తేదీలతో సహా అందులో రాయించండి.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.