వాళ్లకు డప్పు నిషేధం, మనకు డప్పు వెట్టి

(నంద్యాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల నుంచి కూలి పోగొట్టుకొని వచ్చిన అక్కలకు, అన్నలకు, డప్పు జట్ల తమ్ముళ్లకు జై భీమ్.

ఇందాక వినిపించిన పాట అర్థం కాలేదని కొందరన్నారు. మాటలు అర్థం కాకపోతే పోనీండి. ముందు వరుసలో ఒక పెద్దాయన వేళ్లు కుర్చీ మీద దరువేస్తూనే ఉన్నాయి, మేము చూశాం.

ఆ ఆల్బమ్ పేరు న్యూయోరికన్ సోల్. 1997లో వచ్చింది. చేసినోళ్లు లూయీ వేగా, కెన్నీ గొంజాలెజ్. ఇద్దరి మూలం ప్యూర్టో రికో, అమెరికా చేతికింద ఉన్న దీవి. అక్కణ్ణించి పని కోసం న్యూయార్క్ చేరినోళ్లను, వాళ్ల బిడ్డలను న్యూయోరికన్లు అన్నారు. ఎగతాళిగా అన్న ఆ పేరునే వాళ్లు తలెత్తి చెప్పుకున్నారు. 1994లో దండోరా మొదలైనాక మనోళ్లు పేరు చివర మాదిగ అని పెట్టుకోలేదా? అట్లా.

అందులో జాజ్ ఉంది, సోల్ ఉంది, లాటిన్ దరువుంది, హౌస్ ఉంది. సోల్ అంటే నల్లోళ్ల చర్చి పాటలోంచి పుట్టింది. ప్రార్థనలో గొంతెత్తి పాడే మన అక్కలకు వేరే చెప్పాల్నా! హౌస్ కథ మాత్రం వినాల. 1979 జూలై 12న చికాగోలో ఒక ఆటల మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేసినారు. డిస్కో అంటే ఎక్కువగా నల్లోళ్లు, లాటిన్ వాళ్లు ఆడి పాడుకొనే పాట. ఆ పూట అక్కడ పనికున్న నల్ల కుర్రాడు విన్స్ లారెన్స్. 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి తొలి హౌస్ రికార్డుల్లో ఒకటి తెచ్చింది ఆయనే.

ఇంకా వెనక్కు పోదాం. 1739లో అమెరికాలోని సౌత్ కరోలినాలో బానిసలు డప్పు కొట్టుకుంటూ తిరగబడినారు. మరుసటేడే దొరలు చట్టం తెచ్చి బానిసలకు డప్పు నిషేధించినారు. వాళ్లను డప్పు ముట్టొద్దన్నారు. మనల్ని ముట్టి తీరాలన్నారు. చావుకు కొట్టు, చాటింపుకు కొట్టు, జాతరకు కొట్టు. కూలి అడిగితే నాలుగు గింజలు. తోలు అంటు, దాని మోత మాత్రం వాళ్ల దేవుడికి కావాల!

అందుకే డప్పును పారేద్దామని కొందరంటారు. వాళ్ల కోపం న్యాయమైందే. కానీ 1985 కారంచేడు తర్వాత మన సభల్లో మోగింది కూడా ఆ డప్పే. ఎప్పుడు కొట్టాలో చెప్పేదెవరన్నదే మాకు ముఖ్యం.

ఇంకో సంగతి. లోలియట్టా హాలోవే అనే నల్ల గాయని ఉండేది. 1989లో ఇటలీ జట్టు ఒకటి ఆమె గొంతును తీసుకొని పాట చేసింది. బ్రిటన్‌లో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది. వీడియోలో పెదాలు కదిపింది ఇంకొకామె. హాలోవే పేరు లేదు. ఆమె పోట్లాడినాకే పరిహారం దక్కింది.

న్యూయోరికన్ సోల్ వాళ్లు అట్లా చేయలేదు. 1977లో హాలోవే పాడిన ఒక పాటను మళ్లీ చేస్తూ, దాని మొదటి సంగీతకారుడు విన్సెంట్ మోంటానానే పిలిచి వాయించమన్నారు. టిటో ప్యూయెంటే వంటి పెద్దలను కూడా పేరుపెట్టి కూచోబెట్టినారు.

ఇప్పుడు మన జట్ల మాట. ఎవరైనా ఫోను పట్టుకొని వచ్చి మీ దరువును రికార్డు చేసుకుంటే, ముందు జట్టు పేరు, ఊరి పేరు వేయమనండి. డీజే బాక్సుల్లో అమ్ముకుంటే వాటా అడగండి. పెండ్లికి, సభకు రేటు ఊర్లన్నీ కలిసి ఒక్కటే చెప్పండి, ఒక ఊరు తగ్గిస్తే పక్క ఊరికి దెబ్బ. ఊరి పెద్ద కబురంపితే ఊరికే పోయి కొట్టేది యాడైనా మిగిలుంటే, ఆ ఊరి పేరు ఈ పూటే మాకు చెప్పండి, అందరం కలిసి పోదాం.

వచ్చే సమావేశానికి ప్రతి జట్టూ తన దరువుల పేర్లు, అవి నేర్పిన పెద్దల పేర్లు నోటుబుక్కులో రాసి తేవాల. రాయడం రానోళ్లు చదువుకునే పిల్లల్ని వెంట తెచ్చుకోండి.