వేసవి తాపము - ఇంటికప్పు సంరక్షణ
(ప్రసంగ పాఠము)



వరికోతలు అయిపోయి, మినుము ఇంటికి చేరి, కాలువలు కట్టివేసే రోజులు వచ్చినవంటే మన కృష్ణా డెల్టాలో అసలైన వేసవి మొదలైనట్లే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు ఊరక అనలేదు. పైరుకు నీటి ఎద్దడి వస్తే మనము గట్టు మీద నుండే గుర్తుపట్టుదుము. ఆకు చుట్టుకొన్నది, మొక్క వాడినది అని పదిమందితో చెప్పుకొందుము. కాని ఇంటిలో ముసలితల్లి ఎండకు వాడిపోతున్న సంగతి అంత త్వరగా గుర్తించలేకపోతున్నాము. అందుచేత ఈ రోజు పైరు సంగతి ప్రక్కకు పెట్టి, ఏ.సి. లేని ఇంటిలో వేసవిని క్షేమముగా దాటుట ఎట్లో మనవి చేయదలచినాను.

విజయవాడ ఎండ మీకు క్రొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు బెజవాడను చమత్కారముగా 'బ్లేజువాడ' అన్నారని చెప్పుకొంటారు. పట్టణము చుట్టునున్న రాతికొండలు పగలంతా కాగి, ప్రొద్దుగూకిన తరువాత ఆ వేడిని తిరిగి వదలును. మే నెలలో 40 డిగ్రీలు దాటుట ఇక్కడ సాధారణము. ఇది నవ్వుకొని వదలివేయు విషయము మాత్రము కాదు. 2002, 2003 సంవత్సరముల వేసవులలో ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క ఏట వెయ్యిమందికి పైగా వడదెబ్బకు మరణించారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి ఆ సంఖ్య రెండు వేలు దాటినది. ఇవి లెక్కకు వచ్చిన మరణములు. ఎండలో మట్టిపని చేయుచు కూలిపోయిన మనిషి లెక్కకు వచ్చును. ఇంటిలో మంచము మీద తెల్లవారుజామున కన్నుమూసిన వృద్ధురాలిని, వయసు మీరి పోయినదని అనుకొని ఊరకుందుము. ఆమెకు ముప్పు బయటి ఎండ వలన కాక, ఇంటి లోపలి వేడి వలన వచ్చి యుండవచ్చును.

వేడి ఎక్కడి నుండి వచ్చుచున్నది?

పూర్వము మన ప్రాంతమున తాటాకు ఇళ్ళు, మట్టిగోడల పెంకుటిళ్ళు, కలిగినవారికి మండువా లోగిళ్ళు ఉండెడివి. అవి చల్లగా ఉండిన మాట నిజమే. కాని వేసవి గాలికి ఒక కొంపకు నిప్పంటుకొన్నదంటే వాడ మొత్తము కాలి బూడిద అయ్యెడిది. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో వేలాది గుడిసెలు కొట్టుకుపోయినవి, పదివేలమంది వరకు ప్రాణములు కోల్పోయినారు. ఆ తరువాతనే తీరగ్రామములలో పక్కా ఇళ్ళ నిర్మాణము ఊపందుకొన్నది. కనుక తిరిగి తాటాకు ఇంటికి పొండని నేను చెప్పను. గాలివానకు, అగ్నికి శ్లాబు ఇల్లే మేలు. అయితే శ్లాబుతో పాటు క్రొత్త చిక్కు ఒకటి వచ్చినది. తాటాకు కప్పు వేడిని దాచుకొనదు, శ్లాబు దాచుకొనును.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. పంకా ఆపి, స్టూలు మీద నిలబడి, శ్లాబు అడుగు భాగమునకు అరచేయి ఆనించండి. ఉదయము 10 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు మరొకసారి చూడండి. సూర్యుడు అస్తమించి మూడు గంటలు కావచ్చినను రాత్రి వేళనే అది ఎక్కువ వేడిగా తగులును. పగలంతా ఎండ తిన్న 4, 5 అంగుళముల కాంక్రీటు గుండా వేడి మెల్లగా దిగివచ్చి, మనము పడుకొను వేళకు గదిలోనికి చేరుచున్నది. పగలు అలసిన శరీరము రాత్రి చల్లబడి తేరుకొనవలెను. రాత్రి కూడ వేడి తగ్గకపోతే గుండె విశ్రాంతి లేకుండ పనిచేయవలసి వచ్చును. ఇట్లు వరుసగా మూడు నాలుగు రాత్రులు గడచినచో వృద్ధులకు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి అపాయము.

కనుక నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. మొదట ఇంటికప్పుకు గొడుగు పట్టండి. తక్కినవన్నీ ఆ తరువాత.

సున్నపు పూత

అన్నిటికంటె చౌకైన గొడుగు తెల్లసున్నము. నల్లని, ఎర్రని కప్పు ఎండను త్రాగును. తెల్లని కప్పు చాలవరకు ఎండను తిరిగి ఆకాశమునకు పంపివేయును. హైదరాబాదులో 2017లో కొన్ని పేదల ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరచి పరిశీలించగా, లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీల వరకు తగ్గినట్లు తేలినది. 2 డిగ్రీలు చాలా తక్కువ అనుకొనవద్దు. నిద్ర పట్టుటకు, పట్టకపోవుటకు ఆ మాత్రమే తేడా. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విషయమై ఒక విధానమునే ప్రకటించినది.

పూత వేయు పద్ధతి ఇది. ముందుగా కప్పుపై దుమ్ము, పాచి తుడిచి, కడిగి ఆరనివ్వవలెను. సున్నమును ఒక రోజు ముందే నీటిలో నానవేసి, గుడ్డతో వడకట్టి, పాల చిక్కదనమునకు తెచ్చుకొనవలెను. పూత పట్టి ఉండుటకు వడ్రంగులు వాడు తెల్లజిగురు కొంచెము కలుపవలెను. చల్లని వేళ ఒక పూత వేసి, అది ఆరిన తరువాత రెండవది వేయవలెను. సున్నము కళ్ళలో పడినచో చూపునకు ప్రమాదము. కళ్ళద్దములు, చేతి తొడుగులు లేకుండ ఈ పని చేయరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు. వానలకు పూత కొట్టుకుపోవును కనుక ఏటా ఉగాదికి ముందు తిరిగి వేయుట ఆచారముగా పెట్టుకొండి. సిమెంటు రేకుల కప్పుకు కూడ ఇది పనికివచ్చును. అయితే రేకులు మనిషి బరువు మోయలేవు. వాటిపై నడువక నిచ్చెన నుండి పొడవాటి కర్రకు కట్టిన కుంచెతో పూయవలెను.

కొందరు సాయంకాలము శ్లాబుపై బిందెలకొద్ది నీరు పోయుదురు. అది ఆ పూటకు చల్లబరచుట నిజమే. కాని కాలువలు కట్టివేసిన రోజులలో చెరువు నీరు త్రాగుటకే చాలదు. ఒకసారి వేసిన సున్నము వేసవి అంతా నీరు అడుగదు.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు కప్పుపై పగిలిన తెల్ల పింగాణి పెంకులను సున్నములో పరపించుకొనవచ్చును. మట్టికుండలను బోర్లించి, వాటి మీద సున్నపు గచ్చు వేయు పాత పద్ధతి కూడ మంచిదే. కుండలోని గాలి వేడిని క్రిందికి దిగనీయదు. అయితే ఆ బరువును శ్లాబు మోయగలదో లేదో ఇంజనీరును అడిగి తెలుసుకొని మరీ చేయవలెను.

పందిరి, చెట్టు

రెండవ గొడుగు చలువపందిరి. మేడమీద, పడమటి గోడ ముందు వాసములు పాతి తాటాకు గాని, కొబ్బరిమట్టలు గాని కప్పవలెను. పందిరికి, శ్లాబుకు నడుమ గాలి ఆడునట్లు మనిషి ఎత్తు ఖాళీ ఉంచవలెను. వంటఇంటి పొగగొట్టమునకు, కరెంటు తీగలకు దూరముగా వేయుట మరువరాదు. వరిగడ్డిని కప్పుపై పరచుట మాత్రము నేను సలహా ఇవ్వను. ఒక్క నిప్పురవ్వ చాలును. నీటి వసతి ఉన్నవారు సంక్రాంతి వెళ్ళగానే ఆనప, బీర విత్తనము పెట్టినచో ఎండలు ముదిరే నాటికి తీగ పందిరిని అల్లుకొనును. కూర ఇంటికి, నీడ గోడకు.

పడమటి దిక్కున పునాదికి తగినంత ఎడముగా వేప, కానుగ నాటండి. మూడు నాలుగు ఏండ్లలో సాయంకాలపు ఎండను అవే ఆపును.

తలుపులు, తడికెలు, పంకా

ఉదయము 9 గంటలకు, బయటి గాలి లోపలి గాలికంటె వేడెక్కగానే తలుపులు, కిటికీలు మూయవలెను. కిటికీకి లోపల తెర కట్టుటకంటె బయట తడికె గాని, గోనెపట్టా గాని కట్టుట మేలు. ఎండను గడప దాటనీయకూడదు. ప్రొద్దుగూకి పైరగాలి మొదలు కాగానే దక్షిణపు, తూర్పు కిటికీలు పూర్తిగా తెరువవలెను. వేడిగాలి పైకి పోవును కనుక కప్పు దగ్గరి గవాక్షములను అట్టలతో మూసి ఉంచరాదు. వంటపని ఎండ పొడవక ముందే ముగించుకొనవలెను.

వట్టివేళ్ళ తడికెలు, తడిపిన గోనెలు మనకు తెలిసినవే. లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల వేడిని గాలి నుండి తీసుకొనును. అందుచేత గాలి చల్లబడును. కాని ఈ ఉపాయము పొడిగాలిలోనే పనిచేయును. నందిగామ, విజయవాడ వైపు పడమటిగాలి వీచు మధ్యాహ్నములలో తడికె తడుపుట మంచిది. బందరు, అవనిగడ్డ, రేపల్లె వైపు సముద్రపుగాలి తేమతో వచ్చి ఉక్కపోసిన రోజున అదే తడికె గదిని మరింత ఉక్కగా చేయును. ఆరవేసిన తుండుగుడ్డ చూచుచుండగా ఆరినచో తడికె తడుపండి. ఎంతకు ఆరకపోతే మానివేసి, కిటికీ తెరచి గాలి ఆడనివ్వండి.

పంకా విషయములో ఒక హెచ్చరిక. గదిలో వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా గాలి ఒంటిని చల్లబరచదు, పొయ్యి మీది సెగ వలె ఇంకను వేడెక్కించును. అట్టి వేళ తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొనుచు, ఇంటిలో అన్నిటికంటె చల్లని వసారాకు మారుట మేలు. రాత్రి శ్లాబు క్రింద పడుకొనుటకంటె దోమతెర కట్టి ఆరుబయట నులకమంచము వేసుకొనుట మంచిది. దాని అడుగున కూడ గాలి ఆడును.

మనిషి సంరక్షణ

వయసు మీరినవారికి దాహము అంతగా తెలియదు. వారు అడుగువరకు ఆగక గంటకొకసారి మంచినీరో, పలుచని మజ్జిగో, గంజో, రాగిఅంబలో మీరే చేతికి అందించండి. బాగుగా చెమటపోసినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. చిన్న చెంచాతో తలగొట్టి కొలువవలెను, ఉప్పు ఎక్కువ కారాదు. మధుమేహము, రక్తపోటు, గుండె, మూత్రపిండముల జబ్బులు ఉన్నవారు ఎంత త్రాగవలెనో, మాత్రలు మార్చవలెనో లేదో వేసవికి ముందే డాక్టరును అడగవలెను. తమంత తాము మాత్రలు మానరాదు.

ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడుచు, మనిషిని గుర్తుపట్టలేకపోయినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేయండి. బండి వచ్చులోగా చేతులు కట్టుకొని కూర్చుండరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీటితో తడిపి విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు చల్లని తడిగుడ్డలు వేయండి. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయరాదు. జ్వరపు బిళ్ళ దీనికి పనిచేయదు.

ఏ మండలములో వడగాలులు వీచునో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందుగానే తెలుపుచున్నది. ఆ కబురు విని పొలము పనులను ఉదయము 10 గంటలలోపు, తిరిగి సాయంకాలము 4 గంటల తరువాత పెట్టుకొండి.

సోదరులారా! విత్తనము సంగతి ఏరువాకకు ముందే చూచుకొందుము గాని, నాటువేళ వెదకుకొనము. ఇంటి సంగతి కూడ అంతే. రోహిణి కార్తెలో సున్నము కొనబోవుట ఆలస్యమగును. మీ ఇంటికప్పు తెల్లబరచిన రోజున బకెట్టులో మిగిలిన సున్నమును పారబోయకండి. మీ చేలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసినవారి రేకుల ఇంటికి మరికొంత కలిపి పంపండి. రాత్రి వారికి నిద్ర పట్టిననాడే మరునాడు వారు మీ చేలోనికి ఓపికతో దిగగలరు.