ఛాయాచిత్రముల భారమును తగ్గించు విధము



ఒక గృహస్థుని యింట జరిగిన సంగతితో ఈ విషయమును ప్రారంభించుట మేలు. ఆయన తల్లిగారు తులసికోట యొద్ద కూర్చుండి పువ్వులు గ్రుచ్చుచుండగా మనుమరాలు ఫోనుతో ఒక చిత్రము తీసినది. అది వాట్సాప్ ద్వారా బంధువులందఱికిని చేరినది. కొన్నాళ్లకు ఫోను నిండిపోయినది. అందఱికిని పంపితిమి గదా, ఎవరి యొద్దనైనను దొరకునను ధైర్యముతో అసలు చిత్రమును తీసివేసిరి. ముసలమ్మగారు స్వర్గస్థులైన పిమ్మట, సంవత్సరీకమునాటికి పటము కట్టింపవలెనని ఒక బంధువు యొద్దనుండి దానిని తెప్పించి, పట్టణమున పెద్దదిగా అచ్చు వేయించిరి. పటమున ముఖము గలదు, కన్నులు గలవు. కన్నుల చుట్టునుండిన ముడుతలు లేవు. చెంపలపై చిన్న చిన్న చదరపు గడులు కానవచ్చినవి. "అమ్మ పోలిక యున్నది గాని అమ్మ లేదు" అని ఆ గృహస్థుడు పటమును గోడవైపు త్రిప్పి పెట్టెను.

ఆ ముడుతలు ఎచ్చట పోయినవి? దీనికి సమాధానము లెక్కలో నున్నది.

సామాన్యమైన ఫోను తీయు చిత్రమున అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలుండును. ఈ చుక్కలనే పిక్సెలులందురు. హెచ్చించి చూచినచో 1 కోటి 20 లక్షలు. ప్రతి చుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల పాళ్లను, పాలునకొక బైటు చొప్పున, వ్రాసికొనవలెను. అనగా 3 కోట్ల 60 లక్షల బైట్లు, సుమారు 36 మెగాబైట్లు. కాని ఫోనులో విప్పి చూచినచో ఆ చిత్రము నాలుగైదు మెగాబైట్లకు మించదు. తక్కిన ముప్పది మెగాబైట్లను కెమెరాయే తగ్గించి దాచుచున్నది. పెక్కు ఫోనులు ఇందుకు వాడు పద్ధతికి జేపెగ్ అని పేరు. 1992లో అది ప్రమాణముగా స్థిరపడినది.

తగ్గించుటలో రెండు జాతులు గలవు. పాణిని 'అ' మొదలు 'ఔ' వఱకు గల స్వరములన్నిటికిని 'అచ్' అను చిన్న సంజ్ఞను, వ్యంజనములన్నిటికిని 'హల్' అను సంజ్ఞను వాడెను. మన బడిపిల్లలు వల్లించు అచ్చులు, హల్లులు అను మాటలు ఆ సంజ్ఞలనుండి వచ్చినవే. సంజ్ఞ తెలిసినవాడు దానిని విప్పినచో ఒక్క వర్ణమైనను లోపింపదు. ఇది నష్టము లేని సంక్షేపము. తిక్కన సోమయాజి భీష్మపర్వమున గీతా శ్లోకములు ఏడువందలను కొలది పద్యములలో సంగ్రహించెను. కథాగమనమునకు అది తగియున్నదే గాని తప్పని యెవ్వరును అనరు. అయినను ఆ పద్యములనుండి మరల ఏడువందల శ్లోకములను ఎవ్వరును రాబట్టలేరు. జేపెగ్ ఈ రెండవ జాతికి చెందినది.

అది పనిచేయు తీరు చిత్రమైనది. మొదట వెలుగునీడలను ఒక ప్రక్కను, వన్నెలను వేఱొక ప్రక్కను విడదీయును. మానవనేత్రము వెలుగులోని భేదమును కనిపెట్టినంత చురుకుగా వన్నెలోని సూక్ష్మభేదమును కనిపెట్టదు. కనుక వన్నెల పద్దును చాలవఱకు కుదించుటకు వీలు కలుగును. పిమ్మట చిత్రమును ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గడులుగా కోయును. ఒక్కొక్క గడిలోని 64 అంకెలను వేఱొక విధమున 64 పద్దులుగా తిరిగి వ్రాయును: గడి మొత్తమున వెలుగెంత, ఆ వెలుగు మెల్లగా మారుచున్న పాలెంత, త్వరత్వరగా మారుచున్న పాలెంత అని. పిమ్మట వీసములను, కాణులను విడిచి రూపాయలకు సరిచేసినట్లు ఆ పద్దులను సరిచేయును. త్వరగా మారు సూక్ష్మ పద్దులు పెక్కు సున్నలగును. ఆకాశము, సున్నము కొట్టిన గోడ మొదలగువాని గడులలో అన్నియు దాదాపు సున్నలే. సున్నల బారును ఒక్క గుర్తుతో వ్రాయవచ్చును. తఱచుగా వచ్చు గుర్తునకు పొట్టి సంకేతమును, అరుదుగా వచ్చుదానికి పొడుగు సంకేతమును ఇచ్చు ఉపాయమును హఫ్‌మన్ అను అమెరికా విద్యార్థి కనిపెట్టగా అది 1952లో ప్రకటింపబడినది. జేపెగ్ తుదిమెట్టున దానినే వాడుచున్నది.

వెలుగు పద్దులను తిరుగవ్రాయు గణితమును ఊహించినవారు బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మదుగారు. అమెరికాలో 1972లో దానిపై పరిశోధనకు ధనసహాయము కోరగా, ఊహ మరీ సులభమైనదను ఆక్షేపణ వచ్చి, సహాయము లభింపలేదు. ఆయన మానక, నటరాజన్, కామిసెట్టి రామమోహనరావుగార్లతో కలిసి 1974 జనవరిలో దానిని ప్రకటించెను. రామమోహనరావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమున 1952లో ఇంజనీరు పట్టము పుచ్చుకొని, టెక్సాసు రాష్ట్రమున అధ్యాపకులైనవారు. ఆ యింటిపేరు తెలుగు చెవికి పరాయిదిగా తోచదు. సులభమని త్రోసిపుచ్చిన ఆ గణితము నేడు మన యింటింటి పెండ్లిచిత్రములలోను పనిచేయుచున్నది.

ఇప్పుడు ఆ ముసలమ్మగారి ముఖమునకు వత్తము. ముడుతలనగా వెలుగు త్వరత్వరగా మారు చోట్లే. పంపునప్పుడు వేగము కొఱకు చుక్కల సంఖ్య తగ్గింపబడినది, మరల జేపెగ్ చేయబడినది. నకలునకు నకలు, దానికి వేఱొక నకలు తయారైన కొలది కాణులతో పాటు వీసములు, వీసములతో పాటు రూపాయలును జారిపోయినవి. తుదకు గడుల అంచులే బయటపడినవి. చిత్రమును ఊరక తెఱచి చూచినంత మాత్రమున అరగిపోవునని కొందఱు భయపడుదురు. అది సరికాదు. సవరించి మరల జేపెగ్‌గా భద్రపఱచినపుడే నష్టము.

కావున ఫోను నిండినపుడు చేయదగిన మొదటి పని కుదించుట కాదు, ఏఱుట. ఒకే గడపయొద్ద ఒకే భంగిమలో తీసిన పదునాలుగు చిత్రములలో ఒకటి రెండు ఉంచి తక్కినవి తీసివేసినచో ఏ గణితమును అక్కఱలేదు. ఈ పని ఇంటి పెద్దలు చేయవలెను. మూలనున్న పెదనాన్నగారెవరో పిల్లలకు తెలియదు.

ఏఱిన పిమ్మట అసలును వేఱుగా దాచి, నకలును మాత్రమే కుదింపవలెను. మొదట కొలతను తగ్గించుట మంచిది. 4000కు 3000 గల చిత్రమును 1600కు 1200 చేసినచో చుక్కలు 19 లక్షల 20 వేలగును, అనగా ఆఱవ వంతునకును లోపు. ఫోను తెరపై చూచువారికి భేదము తోచదు. ఆ పిమ్మట నాణ్యతను సూచించు అంకెను నూఱునుండి ఎనుబది ప్రాంతమునకు దింపవచ్చును. ఏబదికి లోపునకు దింపినచో ముఖములపై గడులు తోపసాగును. పెండ్లిచిత్రములు 300, ఒక్కొక్కటి 4 మెగాబైట్లనుకొన్నచో మొత్తము 1200. నకలు ఒక్కొక్కటి 300 కిలోబైట్లకు దిగినచో మొత్తము 90 మెగాబైట్లే. దూరదేశమున నున్న కుమార్తెకు ఈ నకళ్లు చాలును. అసలునే పంపవలసివచ్చినచో వాట్సాప్‌లో ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపవలెను, అప్పుడది కుదింపబడదు.

అచ్చునకు లెక్క వేఱు. చక్కని అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. 1600 చుక్కలు అయిదు అంగుళములు దాటి కొంచెము వచ్చును, అంతే. ఎనిమిదింటికి పది అంగుళముల గోడపటమునకు 2400కు 3000 చుక్కలు కావలెను.

తాటాకులు, పాతదస్తావేజులు, శాసనముల చిత్రముల విషయమున మఱింత జాగ్రత్త పడవలెను. అక్షరపు అంచు పదునైనది. జేపెగ్‌ను మిక్కిలి కుదించినచో ప్రతి అక్షరము చుట్టును మసకనీడలు ముసరి, సున్నకును పొల్లుకును భేదము తెలియకుండును. వానిని పూర్తి కొలతలోనే ఉంచవలెను. గీతలతో గీచిన పటములకు, పొలముల నక్షాలకు పీఎన్‌జీ అను నష్టము లేని పద్ధతి తగును.

చిత్రముతో పాటు తీసిన తేదీ, కొన్నిట తీసిన తావును గూడ లోపల వ్రాయబడియుండును. బయటివారికి పంపు నకలులో తావును తీసివేయుట క్షేమము. దానివలన తగ్గు భారము స్వల్పమే. అసలులో మాత్రము తేదీని చెఱుపరాదు. తేదీ లేని చీటీ ఏ లెక్కకును పనికిరాదు.

ఆ గృహస్థుని యింట ఇప్పుడు అసళ్లన్నియు రెండు డిస్కులలో నున్నవి, ఒకటి తమ యింట, ఒకటి అన్నగారి యింట. తల్లిగారి చిత్రమును అరచేతియంత కొలతలో మరల అచ్చు వేయించి, చిన్న పటము కట్టించి తులసికోటకు ఎదుటి గోడకు తగిలించిరి. ఆ కొలతలో గడులు కానరావు.