డప్పుకు కుర్చీ వేద్దాం
(బల్మూర్ మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పాటల బృందాన్ని మళ్ల నిలబెట్టాలనే తీర్మానం మీద నాలుగు ముచ్చట్లు చెప్త. "పంటకు ధర లేదు, యూరియాకు లైన్లు కడుతున్నం, ఇప్పుడు పాటలెందుకు?" అని కొందరు అడుగుతున్నరు. అడగాల్సిన మాటే. దానికి జవాబు మన చరిత్రలోనే ఉన్నది.

1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. ఆనాడు పల్లెల్లో చదువొచ్చినోళ్లు తక్కువ. కరపత్రం పంచితే చదివేటోళ్లు దొరకకపోయేది. అదే సంగతి బుర్రకథగా చెప్తే జనం రాత్రంతా కూసొని విన్నరు. ఆంధ్ర జిల్లాల్లో షేక్ నాజర్ బుర్రకథ చెప్పిండు. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల తీరు తీసుకొని దొరల దౌర్జన్యం మీద పాట కట్టిండు. 1948 తర్వాత నిర్బంధాల్లో దళాలు చెదిరిపోయినయి. 1970ల్లో ప్రజానాట్యమండలి మళ్ల లేచింది. ఎట్ల లేచింది? బాణీలు జనం నోట్లో బతికే ఉన్నయి గనుక. బాణీ బతికితే బృందం ఎప్పుడైనా లేస్తది.

ఇప్పుడు ఆ బాణీలకే ఆపద వచ్చింది. మన దగ్గరి లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్యనే చూడుండ్రి. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో చేసేది. అది అంగట్లో దొరికే సామాను కాదు. చేసేటోళ్లు, నేర్పేటోళ్లు ఉంటేనే ఉంటది. పండుగ సాయన్న కథ కిన్నెర మీదనే తరాలు దాటి మన దాక వచ్చింది. మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. అయినా 2024లో ఆయన బిల్డింగుల కాడ కూలి పని చేస్తున్నడని పత్రికల్లో వచ్చింది. శాలువా కప్పితే కళ బతకదు. కళాకారుని ఇంట్లో పొయ్యి వెలగాలె.

అందుకే తీర్మానంలో మూడు సంగతులు చేర్చాలని అడుగుతున్న.

ఒకటి: డప్పు కొట్టేటోళ్లు, పాడేటోళ్లు ఎక్కువ మంది కూలి మీద బతికేటోళ్లే. సభకు పిలిస్తే ఆ రోజు కూలి సంఘమే కట్టియ్యాలె. వేదిక మీద కుర్చీ గూడ వెయ్యాలె. ఊరేగింపుకు డప్పు ముందుండాలె, వేదిక మీద మాత్రం ఉండొద్దంటే అది సంఘం అనిపించుకోదు.

రెండు: నాట్లలో, కలుపుల్లో, బతుకమ్మ కాడ పాడే అక్కల బాణీలు మన పిల్లలు ఫోన్లో రికార్డు చెయ్యాలె. ఏ ఊరు, ఎవరు పాడిండ్రు అనేది రాసి పెట్టాలె. వాళ్ల ఒప్పుదల లేకుండ ఎక్కడా వాడొద్దు.

మూడు: ఆ బాణీల మీద మన పాటలు కట్టాలె. నకిలీ విత్తనం మీద, పల్లి ధర మీద, బ్యాంకు లోను అందని కౌలు రైతు మీద. భూమి లేనోళ్ల కూలి రేటు మీద గూడ ఒక పాట ఉండాలె. వాళ్ల గొంతు మనకు కావాలంటే వాళ్ల బాధ మన పాటలో ఉండాలె గద.

తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట రాష్ట్రమంతా పాడుకున్నది. ఆయన పాటకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంటే ఈ మట్టిలో పాటకు కరువు లేదు. పాడేటోళ్లకు తావు ఇయ్యాల్సింది మనమే.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక పాడే మనిషిని, ఒక డప్పును వెంట తీసుకొని రాండ్రి. వాళ్ల కోసం ఉపన్యాసాలు అర్ధగంట తగ్గిద్దాం.